ఎడమ రెక్కలో రెండు మెట్లు

2003 మార్చి 2, ఆదివారం

ద్రోహం జరిగింది. చేసినవాడి పేరు ఇక్కడ రాసిపెడుతున్నాను: ఫాదర్ జయరావు, మా ముత్తనపాడు చర్చిని చూసుకునే విచారణ గురువు. ఈ ఊరికి వచ్చి తొమ్మిది నెలలైనా సరిగ్గా కాలేదు, నూరేళ్ళు దాటిన గుడి మీద చెయ్యి వేశాడు.

ఈ ఉదయం పూజ అయ్యాక అందరూ లేవబోతుంటే "కూర్చోండి, ఒక మాట" అన్నాడు. ఎడమ రెక్క గోడ పగుళ్ళిచ్చిందట. పైన దూలం కిందికి దిగిందట. పిల్లల మీద పడకముందే, ఈస్టర్ దాటాక, ఆ రెక్కను కూల్చేస్తారట. పట్టాదారు పాసుపుస్తకం గురించి చెప్పినంత తాపీగా చెప్పాడు.

సిలువ ఆకారంలో కట్టిన గుడి మాది. పైనుంచి చూసే దేవుడికి అది సిలువలాగే కనపడాలి. ఒక చెయ్యి నరికేస్తే ఏం కనపడుతుంది? నేను లేచి "ఇది అన్యాయం" అని అరిచాను. అంటే, అరవబోయాను. అప్పటికే పాటలవాళ్ళు ఆఖరి కీర్తన ఎత్తుకున్నారు. హార్మోనియం గెలిచింది.

మార్చి 3

కోపం ఇవాళ కూడా ఉంది. మంచిదే. కోపం కార్యరూపం దాల్చాలని నా దగ్గరున్న పుస్తకాల్లో కనీసం ఆరింటిలో ఉంది. సాయంత్రం దాల్చుదామనుకున్నాను. మబ్బు పట్టింది, కళ్ళంలో మిరపకాయల మీద పట్టాలు కప్పమని నాన్న కేకేశాడు.

మార్చి 5, విబూది బుధవారం

ఉద్యమానికి ముందు అధ్యయనం. గుంటూరు బస్టాండులోనూ ప్రత్తిపాడు సెంటర్లోనూ కొన్న చిన్న పుస్తకాలు నా దగ్గర నలభై మూడున్నాయి. అన్నీ చదివాను. నిజం చెప్పాలంటే ఒక్కొక్క దాంట్లో మొదటి పదిహేను పేజీలు చదివాను. అంతలోకే నాకు ఆవేశం వచ్చేసేది. ఆవేశం వచ్చాక చదువుతూ కూర్చోవడం పిరికితనం.

నుదుటి మీద విబూదితోనే పొలం టేపు తీసుకెళ్ళి గుడిని కొలిచాను. పొడవు నూట పన్నెండు అడుగులు, వెడల్పు ముప్ఫై రెండు. గోడ మందం రెండు ముప్పావు. లోపల ఒక్క స్తంభం లేదు. పైన టేకు దూలాలు, వాటి మీద బెంగుళూరు పెంకు. కిటికీలన్నీ కొస తేలిన కమానులు, వాటిల్లో ఎరుపూ నీలమూ గాజు. పొద్దున ఎనిమిదింటికి ఆ రంగులు సరిగ్గా మా వరసలో కూర్చున్నవాళ్ళ మీద పడతాయి. గోడల మీద సిలువ మార్గం పద్నాలుగు పటాలు, అటు ఏడు, ఇటు ఏడు. రెక్కల్లో పటాల్లేవు. గంట హాలండు నుంచి ఓడలో వచ్చి వాడరేవులో దిగిందట. అక్కణ్ణించి ఆరు జతల ఒంగోలు ఎడ్లు లాగాయట. ఇదంతా తాత చెప్పిందే.

కుడి రెక్క ఇటుక సైజు వేరుగా ఉంది. రాసుకున్నాను. ముఖ్యం కాదు.

ఎడమ రెక్క నేల మాత్రం గుడి నేలకంటే రెండు మెట్లు కిందికి ఉంటుంది. వాననీళ్ళు పోవడానికి అలా కట్టారని తాత నా చిన్నప్పుడే చెప్పాడు. ఆ కాలపు ఇంజనీర్ల ముందుచూపు తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఆ రెక్కలో ఊరవతల దళితవాడ నుంచి వచ్చే పల్లెవాళ్ళు కూర్చుంటారు. ఇప్పుడు ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు, ఎవరూ వద్దనరు. వాళ్ళకి అక్కడే అలవాటు.

మార్చి 7

కరపత్రం ప్రత్తిపాడులో కోటేష్ డీటీపీ సెంటర్లో అచ్చయింది. ఐదు వందల కాపీలు. కోటేష్ నాతో ఇంటర్ చదివాడు. ప్రూఫు చూసి ఆగిపోయాడు.

"ఏరా జోజీ, 'ప్రజాచరిత్ర పరిరక్షణ వేదిక' అంటే ఎంతమందిరా?"

"ప్రస్తుతానికి ఇద్దరం."

"రెండోవాడెవడు?"

"కింద చూడు. సహ కన్వీనర్."

"ఇది నా పేరు కదరా! మీ గుడి గొడవలో నేనెందుకు? నేను ఆంజనేయస్వామి గుడికే సరిగ్గా పోను."

"అందుకేరా నువ్వు కావాలి. లౌకికవాదం."

వాడు స్క్రీను వైపు తిరిగి, వాడి పేరు మీద సైజు రెండు పాయింట్లు తగ్గించాడు.

మార్చి 9, ఆదివారం

పంచాను. పెద్ద తలుపు దగ్గర, కుడి తలుపు దగ్గర, పల్లెవాళ్ళు వచ్చే ఎడమ తలుపు దగ్గర. నా వాక్యాల్లో నాకు బాగా నచ్చింది ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"వాననీటి పారుదలను శతాబ్దం క్రితమే ఊహించి, ఎడమ రెక్కను రెండు మెట్లు దిగువకు నిర్మించిన ఆ మహనీయ ఇంజనీర్ల ముందుచూపును పలుగులతో పెళ్ళగించే చరిత్ర హంతకులారా, ఖబడ్దార్! ఈ గుడిలో ఒక్క రాయి కదిపినా ఊరుకోం!"

ఎడమ తలుపు దగ్గర మా కళ్ళానికి రంగు చెడిన తాలుకాయలు ఏరడానికొచ్చే సుబ్బరావమ్మ కాగితం తీసుకుని, తిరగేసి, "చదివి చెప్పేవాళ్ళెవరన్నా ఉంటే చెప్పించుకుంటాలే అయ్యా" అని రొంటిన దోపుకుంది. ప్రజల్లో చైతన్యం మొదలైంది.

మార్చి 13

ఫాదర్ నుంచి జవాబు. గుళ్ళో ఆయనకి సాయంగా ఉండే ఉపదేశి తెచ్చి ఇచ్చాడు. జవాబు అంటే నా కరపత్రమే, ఎర్ర సిరాతో దిద్ది ఉంది. గుడి పునాది 1896, నేను రాసినట్టు 1869 కాదు. గంట మీద ఉన్నది లాటిన్, గ్రీకు కాదు. అలాంటివి ఎనిమిది. తొమ్మిదోది "ముందుచూపు" దగ్గర: అక్కడ గుండ్రం చుట్టి, "రేపు పదకొండుకి మేస్త్రి వస్తాడు. నువ్వూ రా" అని ఉంది.

ఎర్ర సిరా వాడడంలోనే అధికార దర్పం తెలుస్తోంది.

మార్చి 14

వెళ్ళాను, మేస్త్రిని నిలదీద్దామని.

తాపీ మేస్త్రి మొహిద్దీన్ బాషాకి అరవై దాటాయి. రెక్కలో గోడ పొడుగునా తాపీ పిడితో కొట్టుకుంటూ, చెవి పెట్టి వింటూ నడుస్తున్నాడు. ఫాదర్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను నా కరపత్రంలోని పారుదల సిద్ధాంతం వివరించాను. బాషా చెయ్యి ఆపాడు.

"వాననీళ్ళు పోడానికా? బాబూ, నీళ్ళు పోవాలంటే ఎవరన్నా ఇంటి మధ్యలో గుంట తీస్తారా? చుట్టుపక్కల నీళ్ళన్నీ వచ్చి దీంట్లో కూర్చుంటన్నాయి. గోడ చెమ్మ పట్టింది, పునాది మెత్తబడింది. ఈ పగులు ముసలితనానికి వచ్చింది కాదు, ఈ గుంటకి వచ్చింది."

"మరి ఆ కాలపు ఇంజనీర్లు..."

"ఇంజనీర్లెవరు బాబూ? మా తాతలు కట్టారు దీన్ని. గానుగలో తిప్పిన సున్నం, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు. అంత పని తెలిసినోళ్ళు ఇంత తెలివితక్కువ పని చెయ్యరు. కట్టింది సమంగానే కట్టారు. తర్వాత ఎవరో తవ్వించారు. ఇటు రండి, పాత నేల గీత గోడకి ఇంకా కనపడతంది."

కనపడింది. గోడ చుట్టూ, సరిగ్గా గుడి నేల ఎత్తున, నల్లటి గీత. కనపడలేదని రాసుకుందామనుకున్నాను. కానీ ఇది నేను తప్ప ఎవరూ చదవని డైరీ, ఇక్కడ కూడా ఏం మోసం చేస్తాం.

ఫాదర్ మెట్ల మీంచి లేచి వచ్చి ఆ గీత చూశాడు. "కూల్చాలంటావా బాషా?" అని అడిగాడు.

"నేల లేపితే అక్కర్లేదండి. నాపరాళ్ళు తీసి, వాగు ఇసుక పోసి, మళ్ళీ పరిస్తే చాలు. నల్లరేగడి మాత్రం వద్దు, ఉబ్బి రాళ్ళు లేస్తాయి. ఏం చేసినా వానల్లోపు చెయ్యాలి. ఈ జూన్ దాటితే మీరు కూల్చక్కర్లేదు, అదే పడిపోద్ది."

మార్చి 15

నాలుగు వందల తొంభై కాపీలు బయట ఉన్నాయి.

మార్చి 16

వెనక్కి తీసుకుందామని బయల్దేరాను. సెంటర్లో ఆకలేసి బజ్జీలు అడిగితే, బండివాడు నా కరపత్రంలోనే చుట్టి ఇచ్చాడు. "మహనీయ" మీద నూనె పడింది. తినేశాను. ఒక కాపీ తగ్గింది.

మార్చి 17

పగలంతా కళ్ళంలో. పన్నెండుమంది ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు. నేను పర్యవేక్షణ చేస్తున్నాను, అనగా తుమ్ముతున్నాను. ఎవరికీ రాని తుమ్ములు మిరప రైతు కొడుక్కే ఎందుకొస్తాయో.

సుబ్బరావమ్మ పక్కన గోతాం వేసుకుని కూర్చున్నాను.

"అవ్వా, ఒక మాట అడగనా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "ఎవరే, ఎవరి అవ్వ వచ్చింది?"

కళ్ళమంతా నవ్వారు. ఇరవై మూడేళ్ళుగా "సుబ్బరావమ్మా, నీళ్ళు తే" అని పిలిచినవాణ్ణి, ఒక్క మధ్యాహ్నంలో మనవణ్ణయిపోదామనుకున్నాను.

"ఎడమ రెక్క కూలిస్తే మీకు బాధగా ఉండదా అని..."

"అడిగేదేదో ఏరతా అడగండయ్యా. చేతులూరికే ఉంటే మీ నాయన నన్ను తిడతాడు."

ఏరుతూ అడిగాను. నేనేసినవి సగం మంచికాయలని, అవన్నీ మళ్ళీ తీసి అవతల వేస్తూ చెప్పింది.

"వానాకాలం పూజలో మా కాళ్ళు నీళ్ళలో ఉంటాయి. దివ్యసత్ప్రసాదం నాలిక మీద, బురద పాదాల కింద. పసిపిల్లల్ని కింద దింపకుండా గంటసేపు చంకనేసుకునే ఉంటారు మా కోడళ్ళు. మీరు రాశారంటగా, అది మంచి ఏర్పాటని. మా మనవరాలు చదివి చెప్పింది."

"పైకొచ్చి కూర్చోవచ్చు కదా. ఎవరూ వద్దనరు."

పక్కనున్నావిడ అందుకుంది. "వద్దనరు బాబూ. కొంగులు దగ్గరికి లాక్కుంటారు, అంతే."

"అయితే ఫాదర్ అన్నట్టు కూల్చేస్తే మంచిదే కదా?" అన్నాను.

సుబ్బరావమ్మ చెయ్యి ఆగింది. "ఏం, మాదే ఎందుకు కూలాలి? మా నాయనమ్మ నెత్తిన మోసిన సున్నం అది. మునిగింది మేము, కూలేదీ మాదేనా? కూల్చొద్దు. నేల లేపమనండి. నాకు డెబ్బై రెండు. ఒక్క వానాకాలం పొడికాళ్ళతో పూజ చూసి పోతే నాకు చాలు."

తుమ్ము వచ్చింది. కళ్ళలో నీళ్ళు మిరప ఘాటుకే.

మార్చి 20

సుబ్బరావమ్మ మాట ఫాదర్‌కి చెప్పాలని ఆయన బంగళాకి వెళ్ళాను. నన్ను చూడగానే "రావయ్యా, హంతకుడి ఇంటికొచ్చావు, టీ తాగుతావా?" అన్నాడు. తాగాను.

ఆమె కూల్చొద్దన్నదని చెప్పాను. ఆయన లేచి బీరువాలోంచి అట్టలూడిన నోటుపుస్తకం తీశాడు. గుడి కట్టించిన హాలండు ఫాదర్ రాసుకున్నది. ఇంగ్లీషు, సన్నటి రాత. జయరావు గారు తెలుగులో చెప్తూ పోయాడు.

1896లో కట్టింది ఒక తిన్నటి హాలు, దానికి ఒక్కటే రెక్క, ఎడమది. సిలువ కాదు. పల్లెవాళ్ళు లోపలికి రావాలి, ఊరివాళ్ళకి కనపడకూడదు. అందుకు రెక్క. ముప్ఫై ఐదేళ్ళ తర్వాత, గుడి వంకరగా ఉంది, చూడ్డానికి బాగుండాలని కుడి రెక్క కట్టించారు. సిలువ అప్పుడయింది.

1902 పేజీ దగ్గర ఫాదర్ చదవడం ఆపి నా ముఖం చూశాడు. చదవమన్నాను.

"ఊరి పెద్దలు తొమ్మిది ఆదివారాలు గుడికి రాలేదు. తమ నేలా పల్లెవాళ్ళ నేలా ఒకే ఎత్తున ఉండకూడదన్నారు. పదో ఆదివారానికి నేను ఓడిపోయాను. ఎడమ రెక్కను తవ్వించాను. దేవుడు నన్ను క్షమించుగాక."

కింద ఊరి పెద్దల పేర్లు. మొదటి పేరు రాయపరెడ్డి.

"ఆ పేరు ముందు మీ ఇంటి పేరే ఉంది. చుట్టాలా?" అన్నాడు.

"దూరపు చుట్టం" అన్నాను.

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పాడు. ఆయన సొంత ఊళ్ళో కూడా ఇలాంటి రెక్క ఉందట. మొదటి సత్ప్రసాదం రోజున కొత్త తెల్ల నిక్కరుతో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాడట. "అందుకే కూల్చేద్దామనుకున్నాను. ఆ ముసలమ్మకి నాకంటే బాగా తెలుసు" అన్నాడు.

మార్చి 21

రాయపరెడ్డి మా ముత్తాత. ఆ కాలం వేరు.

మార్చి 22

ఆ కాలం వేరు.

మార్చి 23, ఆదివారం

ఇవాళ చారిత్రకమైన అడుగు వేశాను. రెండు అడుగులు, కచ్చితంగా చెప్పాలంటే. మా వరసలోంచి లేచి, అందరూ చూస్తుండగా, రెండు మెట్లు దిగి, ఎడమ రెక్కలో పల్లెవాళ్ళ మధ్య కూర్చున్నాను.

కూర్చోబోయాను. ముందు వరస మొత్తం లేచి నిలబడింది. ఒకాయన భుజం మీది తువ్వాలు తీసి నేల దులిపాడు. ఇంకెవరో బయటికి పరిగెత్తి కుర్చీ తెచ్చారు. వద్దంటే వినలేదు. చివరికి నూటయాభైమంది నేల మీద, నేను ఒక్కణ్ణే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో. నా సమానత్వం పావుగంట సేపు పూజని ఆపింది.

"బాబూ, ఇక్కణ్ణించి పీఠం కనపడదు, పైకెళ్ళండి" అని చెవిలో చెప్పాడు తువ్వాలుతో నేల దులిపినాయన.

నిజంగానే కనపడలేదు. మూలగోడ అడ్డం. ఫాదర్ అప్పం పైకెత్తినప్పుడు రెండు చేతులు మాత్రం మోచేతుల దాకా గోడ పక్కనుంచి వచ్చి, మళ్ళీ గోడలోకి వెళ్ళిపోయాయి. నూరేళ్ళుగా వాళ్ళు ఈ చేతులకే మొక్కుతున్నారు. నేను వాటి వెనకున్న మనిషిని చూస్తూ పెరిగాను, చాలాసార్లు ఆవులిస్తూ.

ఏప్రిల్ 6, ఆదివారం

గుడి పెద్దల సమావేశం. బడి గదిలో, పూజ అయ్యాక. ఫాదర్ కూల్చే మాట వెనక్కి తీసుకున్నాడు. రెక్క నేల గుడి నేలతో సమంగా లేపుదామని, వానల్లోపు చెయ్యాలని మేస్త్రి చెప్పాడని అన్నాడు. పని తామే చేసుకుంటామని పల్లె నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. ఖర్చులేని పని, కాదనడానికి ఏముంది అనుకున్నాను.

మా నాన్న లేచాడు. ఇన్నారెడ్డి లేస్తే ఊళ్ళో సగంమంది లేచినట్టే. చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు. నాలుగు మడతలు. నాది.

"ఇది చదువుకున్న పిల్లలు రాసింది. మనమెవరం రాయలేదు. 'ఈ గుడిలో ఒక్క రాయి కదిపినా ఊరుకోం' అని ఉంది. ఆ రెండు మెట్లు చరిత్ర అని ఉంది. చరిత్రని ముట్టుకుంటామా? ఉన్నది ఉన్నట్టు ఉండనిద్దాం."

పెద్దలందరూ తలలూపారు. నా వైపు తిరిగి మెచ్చుకోలుగా చూశారు. ఊరి పెద్దలు నన్ను మెచ్చుకోవడం పుట్టాక ఇదే మొదలు.

వెనకనుంచి సుబ్బరావమ్మ గొంతు. "రాసినాయన ఇక్కడే ఉన్నాడుగా. ఆయన్నే అడగండి."

అందరూ నావైపు చూశారు. లేచాను. నాన్న చేతిలో కాగితం, నాన్న ముఖంలో గర్వం. ఎప్పుడూ చూడని గర్వం.

"ఈ విషయం మీద ఇంకా అధ్యయనం జరగాలి" అన్నాను.

వానాకాలం అయ్యాక చూద్దామని తీర్మానం రాశారు. వానాకాలం అయ్యాక చూడ్డానికి గోడ ఉండదు.

ఏప్రిల్ 7

గొంతు బాగాలేదు. నిన్న కూడా బాగాలేదు. మిరప ధూళి.

ఏప్రిల్ 8

గొంతు బాగానే ఉంది. నిన్న కూడా బాగానే ఉంది.

ఏప్రిల్ 10

కళ్ళంలో బస్తాలు కుడుతుంటే నాన్నని అడిగాను.

"ఆ మెట్లు ముత్తాత తవ్వించాడని మీకు తెలుసా?"

దబ్బనం ఆపకుండానే "తెలియకేం" అన్నాడు.

"మరి వాననీళ్ళు పోవడానికని తాత..."

"ఒరేయ్, నీకు ఆరేళ్ళు. పూజ మధ్యలో వాళ్ళు గుంటలో ఎందుకు కూర్చున్నారని అరిచావు. గుడంతా తిరిగి చూసింది. పిల్లాడివని ఏదో చెప్పి నోరు మూయించాడు మీ తాత. ఇరవై మూడేళ్ళొచ్చినా అదే నమ్ముతావని, దాన్ని అచ్చు కూడా వేయిస్తావని ఆయనకేం తెలుసు?"

నలభై మూడు పుస్తకాల్లో లేని జవాబు. ఆరేళ్ళప్పుడు నేను అడిగానట. నాకు గుర్తే లేదు. ఆరేళ్ళవాడు నాకంటే నయం.

"నేను తప్పు రాశాను. అది అందరికీ చెప్తాను" అన్నాను.

"చెప్పుకో. ఆ కాగితం నా జేబులో ఉన్నంతకాలం రాసింది నువ్వే." దారం పళ్ళతో తెంపాడు. "ఆ ఎత్తు సమానం చేస్తే రేపు ఇంకేదో సమానం చెయ్యమంటారు. అప్పుడు నీ పుస్తకాలేం చెప్తాయో చూద్దాం."

"ఏం చెయ్యమంటారు?"

బస్తా నా వైపు తోశాడు. ఎత్తి లారీ దగ్గర పెట్టి వచ్చాను. ఇంట్లో తిండి తింటున్నవాడి విప్లవానికి ఈ చిక్కు ఉంది.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

పూజలో ఇచ్చిన ఈత మట్ట చేతిలో ఉండగానే పల్లెకి వెళ్ళాను. దారి పొడుగునా ప్రసంగం తయారుచేసుకున్నాను. తప్పు ఒప్పుకోవడం, పశ్చాత్తాపం, పెద్దల తీర్మానాన్ని ధిక్కరించమని పిలుపు, ఈ వరసలో.

సుబ్బరావమ్మ ఇంటి ముందు ఇరవైమంది దాకా ఉన్నారు. పారలు, పలుగులు, తట్టలు. అరుగు పక్కన ఇసుక గుట్ట. బాషా మేస్త్రి ఇసుక గుప్పిట్లోకి తీసుకుని వాసన చూస్తున్నాడు.

"నేను మీకు ఒక పిలుపు ఇవ్వడానికి వచ్చాను" అన్నాను.

"దేనికయ్యా?" అంది సుబ్బరావమ్మ.

"పెద్దల తీర్మానాన్ని పక్కనపెట్టి మనమే నేల లేపుదామని."

"లేపుతున్నాంగా. ఈస్టర్‌కి ముందు శనివారం పొద్దుటిపూట పూజ ఉండదు, గుడి ఖాళీ. రాళ్ళు తీసి, ఇసుక పోసి, సాయంత్రంలోపు పరిచేద్దామని బాషా అన్నాడు. ఇది ఏడో ట్రాక్టరు ఇసుక. మీరు చూసుకోలేదా, మూణ్ణాళ్ళ నుంచి తోలతన్నాం."

చూసుకోలేదు. మూడు రోజులుగా పశ్చాత్తాపంలో ఉన్నాను.

ప్రసంగం మట్టతో పాటు వంగిపోయింది. అయినా సగం చెప్పాను. తప్పు నాదని, క్షమించమని. ఆమె విన్నది. విని, చీపురుపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ ఆలోచించింది.

"క్షమించేదానికేముందిలే. ఒక పని చేస్తారా?"

"చెప్పండి."

"మోసేది మేం మోస్తాం, ఎట్టాగూ మోసేవాళ్ళమే. మీ వీధి నుంచి నలుగురన్నా రావాలి. మేమే పూడ్చుకుంటే, చూశారా తీర్మానం కాదన్నారు, గుడి పాడుచేశారు అని రేపు మళ్ళీ తవ్విస్తారు. తవ్వినోళ్ళ పిల్లలు కూడా ఒక్కో తట్ట పోస్తే, ఇంక ఎవరు తవ్విస్తారు?"

"మా వీధి నుంచి ఎవరొస్తారు?"

"అది మీరు చూసుకోండి. రాయడం వచ్చుగా. ఈసారి చిన్నగా రాయండి. ఆ ఖబడ్దార్లు అవీ లేకుండా."

ఏప్రిల్ 16

కోటేష్ ప్రింటరు పాడైందన్నాడు. ఏమైంది అంటే, "ఈసారి నా పేరుంటుందా?" అన్నాడు. ఉండదన్నాను. బాగైంది.

ఫాదర్ దగ్గరికి వెళ్ళాను. పెద్దల తీర్మానం ఉంది, మీరేమంటారు అని అడిగాను.

"గుడి పెద్దలకి విచారణ గురువు సలహా ఇవ్వొచ్చు, పెత్తనం చెయ్యకూడదు. శనివారం నేను తలుపులు తీస్తాను. అది నా రోజువారీ పనే" అన్నాడు. గుమ్మం దాకా వచ్చి, "బిషప్ గారికి ఉత్తరం రాస్తాను. ఆదివారం" అన్నాడు.

పల్లెకి వెళ్ళొచ్చానని తెలిసి, నాన్న నాతో రెండు రోజులుగా మాట్లాడడం లేదు. అన్నం మాత్రం అమ్మ చేత పంపిస్తున్నాడు.

ఏప్రిల్ 17, గురువారం

ఏడుసార్లు రాసి కొట్టేశాను. మొదటిది రెండు పేజీలు వచ్చింది. అందులో "చారిత్రక" అన్న మాట తొమ్మిదిసార్లు ఉంది. ఆరోదాంట్లో ఫాదర్ గారి నిక్కరు గురించి రాశాను, అది ఆయన మాట, నాది కాదు, కొట్టేశాను. రేపు గుడ్‌ఫ్రైడే సిలువ మార్గం ముగిశాక మా వీధి ముప్ఫై నాలుగు ఇళ్ళకీ ఇవ్వాలి. మొదటి కాపీ మా ఇంట్లో, నాన్న చేతికి. భయంగా ఉంది. ఇది మిరప ధూళి కాదని రాసిపెడుతున్నాను.

అచ్చుకి ఇవ్వబోయేది ఇది:

"మన వీధి వాళ్ళకి.

గుడి ఎడమ రెక్క వాననీళ్ళ కోసం కిందికి కట్టలేదు. 1902లో మన పెద్దలు తవ్వించారు. అందులో మొదటి పేరు మా ముత్తాత రాయపరెడ్డిది. అది మంచి ఏర్పాటని పోయిన నెల నేను రాసింది అబద్ధం. నాకు తెలియక రాశాను, తెలిశాక నోరు మెదపలేదు. రెండో తప్పు పెద్దది.

ఆ గుంటలో నీళ్ళు నిలిచి గోడ పగిలింది. వానల్లోపు పూడ్చకపోతే పడుతుంది, అందులో కూర్చున్నవాళ్ళ మీద పడుతుంది. ఇసుక పల్లెవాళ్ళు తోలారు. రాళ్ళు వాళ్ళే లేపుతారు. మన నుంచి అడుగుతున్నది మనిషికి ఒక్క తట్ట.

ఎవరూ రాకపోయినా నేను వస్తాను. నలుగురు వస్తే ఆ నేల నిలుస్తుంది.

ఏప్రిల్ 19, శనివారం, ఉదయం ఆరు గంటలకి. గుడి ఎడమ తలుపు దగ్గర. ఎవరి తట్ట వాళ్ళు తెచ్చుకోండి.

జోజిరెడ్డి, ఇన్నారెడ్డి గారి అబ్బాయి"